బోడిమెట్టలో జింకలు లేవు

జింక పక్కన నిలబడి ఫోటో దిగి పట్టుకురమ్మని రైతుకు చెప్పిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మీలో ఒక్కరైనా ఏనాడైనా జింక పక్కన నిలబడ్డారా? అది నిలబడుతుందా? స్టూడియోలో పెళ్ళికూతురు అనుకున్నారా, గడ్డం కొంచెం పైకెత్తమ్మా అనగానే ఎత్తడానికి? మీరు ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే, కోడుమూరు దగ్గర బోడిమెట్ట అనే ఊళ్ళో ఏసేపు అనే చర్చి సంఘపెద్ద, హైదరాబాదు జూ గేటు ముందు నలుగురూ చూస్తుండగా పచ్చి ఆకు నమిలేవాడు కాదు. సిగ్గుపడవలసింది మీరు. పడింది ఆయన. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

ఏసేపుకు ఊరికి పడమర మూడెకరాల మెట్టచేను ఉంది. వాన పడితే వేరుశెనగ, ఆ ఊరి మాటలో బుడ్డలు, వేస్తాడు. పడకపోతే ఆకాశం చూస్తాడు. ఈ ఏడు పడింది. చేను పచ్చగా కమ్ముకుని, ఊడలు దిగి కాయ పట్టింది. కాయ పట్టిన సంగతి ఆయన కంటే ముందు జింకలకు తెలిసింది. మెలికల కొమ్ముల మగది ఒకటి ముందు, దాని వెనక పదమూడు. చీకటి విడవకముందే దిగుతాయి. ఇంత తింటాయి, అంత తొక్కుతాయి, పొద్దు పొడిచేసరికి మాయమవుతాయి. కొడితే కేసు, పడితే జైలు. కాబట్టి బోడిమెట్ట రైతుకు మిగిలిన ఆయుధం గొంతు ఒక్కటే. చేలో జింకను చూసినవాడు "హో... హోహో... హోయ్!" అని కావలి కేక పెడతాడు. పక్క చేనివాడు ఆ కేక అందుకోవాలి, వాడి నుంచి ఆ పక్కవాడు. అన్నం తింటున్నా సరే, నీళ్ళు పోసుకుంటున్నా సరే, కేక వినపడితే నోరు దానంతట అదే తెరుచుకోవాలి. అది ఊరి కట్టు. పుట్టిన బిడ్డకు అమ్మ, నాయిన అన్న మాటల తర్వాత వచ్చేది ఆ కేకే.

ఎన్నాళ్ళని అరుస్తారు? పొలాల చుట్టూ కంచె వేయించమని ఊరంతా అర్జీ పెట్టింది. మొదటి సంతకం ఏసేపుది. ఆ అర్జీ ఏ ఆఫీసుకు పోయిందో పేరు రాయను. అక్కడి వీరభద్ర సారు పుస్తకం తిరగేసి, "మా లెక్కల్లో బోడిమెట్టలో జింకలు లేవు. లేని జింకలకు కంచె ఎలా వేస్తాం?" అన్నాడు. ఏసేపు గిట్టల గుర్తులు చూపించాడు. గొర్రెలవి అన్నాడు సారు. ఏసేపు పెంటికలు పొట్లం కట్టి తెచ్చి టేబుల్ మీద విప్పాడు. మేకలవి అన్నాడు, ముక్కు మూసుకుని. ఫోన్‌లో ఫోటో తీసి తెచ్చాడు. నల్లటి చీకట్లో రెండు చుక్కలు మెరుస్తున్నాయి. "ఇది ఆటో" అన్నాడు సారు. "రైతు, పంట, జింక, ముగ్గురూ ఒకే ఫోటోలో ఉండాలి. పగటి వెలుతురులో ఉండాలి. అప్పుడు రా."

ఏసేపు పదకొండుసార్లు తిరిగాడు. పదకొండోసారి తిరిగొచ్చిన ఆదివారం గుడిలో లేచి, "ఈ పంట ఇంటికొచ్చేలోపల కంచె మంజూరు చేపిస్తా. చేపీకపోతే సంఘపెద్దగా దిగిపోతా" అని అందరిముందూ మాట ఇచ్చేశాడు. మాట ఇవ్వడం సులభం. జింకను నిలబెట్టడమే కష్టం. పంట పీకడానికి ఇరవై రోజులున్నాయనగా ఆయన బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. పగటిపూట, పారిపోకుండా, మనిషిని చూసి బెదరకుండా జింకలు నిలబడే చోటు ఒకటుంది కదా!

"శనివారం నిస్సీని జూకు తీసకపోదాం" అన్నాడు భార్య ఏసుమణితో.

పదేళ్ళ నిస్సీ రెండేళ్ళుగా జూ జూ అని ప్రాణం తీస్తోంది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. ఏసుమణి మాత్రం మొగుణ్ణి పైకీ కిందికీ చూసింది. "నీకు జ్వరమేమన్నా వచ్చిందా నిస్సీ నాయినా? చేను వదిలి పెండ్లికి కూడా రానోడివి, జూకు వస్తావా?"

"పిల్ల అడుగుతాండాది కదా" అన్నాడు ఏసేపు, నేల చూస్తూ. అది మొదటి అబద్ధం. చిన్నదే. అబద్ధాలన్నీ పుట్టినప్పుడు చిన్నవే.

నిజం తెలిసినవాడు మాబాషా ఒక్కడే. ఆయన చేను ఏసేపు చేను పక్కనే. శుక్రవారం నమాజు వేళ ఆయన చేనుకు ఏసేపు కావలి, ఆదివారం ఆరాధన వేళ ఏసేపు చేనుకు ఆయన కావలి. ఇరవై ఏళ్ళ ఒప్పందం అది. మాబాషాకు పాత మారుతీ వ్యాను ఉంది, కొత్త ఫోన్ ఉంది. "ఫోటో నేను తీస్తాన్నా. జింక వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు" అన్నాడు. "మరి పంట? పంట కూడా పడాలంట కదా?"

దానికీ ఏసేపు దారి చూశాడు. శుక్రవారం సాయంత్రం చేలోంచి పది వేరుశెనగ చెట్లు మట్టితో సహా పీకి, తడిగుడ్డ చుట్టి, యూరియా సంచితో కుట్టిన చేతిసంచిలో పెట్టుకున్నాడు. శనివారం పొద్దున ఏసుమణి జొన్నరొట్టెలు, కోడికూర, పెరుగన్నం సర్ది అచ్చం అలాంటి ఇంకో చేతిసంచిలో పెట్టింది. బోడిమెట్టలో చేతిసంచులన్నీ యూరియా సంచులే. రెండూ అరుగు మీద పక్కపక్కన ఉన్నాయి. మాబాషా హారన్ కొట్టాడు. ప్రయాణ ప్రార్థన చేసుకుని, ఏసేపు తన సంచి తీసుకుని ఎక్కాడు. ఆయన చేతిలో సంచి చూసి, అన్నం సంచి ఎక్కినట్టే అనుకుని ఏసుమణి తలుపు తాళం వేసి ఎక్కింది. కోడికూర అరుగు మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరు తిన్నారో ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు.

పదకొండు గంటలకు జూ గేటు దగ్గర దిగారు. దసరా తిరునాళ్ళలా ఉంది జనం. గేటు దగ్గర కాపలావాడు, తెల్లమీసాల పెద్దాయన, సంచులు తడిమి లోపలికి పంపుతున్నాడు. ఆయన ఏసేపు సంచిలో చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటకు తీస్తే గోళ్ళ నిండా ఎర్రమట్టి.

"ఏందిది? సంచిల ఏమున్నది?"

"అన్నమప్పా" అంది ఏసుమణి ధీమాగా. "రొట్టెలు, కోడికూర."

ఆయన సంచి బోర్లించాడు. పది వేరుశెనగ చెట్లు, వేళ్ళతో, కాయలతో, పిడికెడు చేను మట్టితో గేటు ముందు పడ్డాయి.

ఏసుమణి కిందికి వంగింది. చెట్ల వంక చూసింది. మొగుడి వంక చూసింది. "నా కోడికూర యాడ?" అంది చివరికి.

"గివి పల్లిచెట్లు గదా!" అన్నాడు కాపలాదారు. "జంతువులకు బయటి మేత పెట్టొద్దు. బోర్డు సదవలేదా? పారెయ్యి."

పారేస్తే పంట లేదు. పంట లేకపోతే ఫోటో లేదు, కంచె లేదు, మాట లేదు. ఏసేపు నోటికి ఏది వస్తే అది అనేశాడు. "జంతువులకు కాదన్నా. మాకే. మేము తినేదానికి."

"పల్లాకు తింటరా? మనుషులు?"

"తింటాం. మా రాయలసీమలో ఇట్లనే తింటాం."

"పచ్చిదా?"

"పచ్చిదే."

కాపలాదారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నమ్మలేదని ముఖమే చెబుతోంది. వెనక వరుసలో జనం తొంగి చూస్తున్నారు. ఏసేపు ఒక చెట్టు తీసుకున్నాడు. ఒక రెమ్మ తుంచాడు. నోట్లో పెట్టుకుని నమిలాడు. పసరు వాసన ముక్కులోకి కొట్టింది. మింగాడు. ఇంకో రెమ్మ తుంచాడు. మీరు నవ్వుతారు. నవ్వండి. పదిహేనేళ్ళుగా బల్ల ఆరాధనలో రొట్టె పంచిన మనిషి అలా ఆకు నమలడం చూసి మాబాషా పక్కకు తిరిగి, గేటు మీద బొమ్మ సింహానికి ఫోటో తీయడం మొదలుపెట్టాడు.

"నాయినా," అంది నిస్సీ మెల్లగా, "మనం ఎప్పుడు తిన్నాం?"

ఏసేపు చేత్తోనే ఊరుకోమన్నాడు. నోటి నిండా ఆకు ఉంది కదా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ తెల్లమీసాల పెద్దాయన ముఖం మారిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, కరువు గంతగనం ఉన్నదా అన్నా మీ దిక్కు?" అన్నాడు. సంచి మళ్ళీ తనే సర్ది ఇచ్చాడు. కుర్చీ కింద నుంచి తన డబ్బా తీసి నిస్సీ చేతిలో పెట్టాడు. మూడు చపాతీలు, ఉల్లిగడ్డ కూర. "తిను బిడ్డా. నేను పొద్దుగాలనే తిన్న."

తినలేదని ఆయన కడుపే చెబుతోంది. "వద్దు తాతా" అంది నిస్సీ. "తీసుకో తల్లీ, ఆకులు తినకు" అని వెనక నుంచి ఒకావిడ అరటిపళ్ళు అందించింది. ఇంకొకాయన బిస్కెట్ పొట్లం. ఇంకెవరో చల్లటి మజ్జిగ. కరువు వచ్చిన కుటుంబం ఒకటి ఆకు తింటూ జూకు వచ్చిందన్న వార్త ఏసేపు కంటే ముందు లోపలికి నడిచిపోయింది. కోతుల దగ్గర నిలబడితే కోతులను వదిలి జనం వీళ్ళను చూశారు. "జంతువులకు ఆహారం పెట్టరాదు" అన్న బోర్డు కింద నిలబడి వీళ్ళకు ఆహారం పెట్టారు.

"నాకు ఇప్పుడు చెప్పు," అంది ఏసుమణి పళ్ళ మధ్య నుంచి, చేతిలో ఎవరిదో పులిహోర పొట్లంతో. "జూ చూసేదానికి వచ్చినామా, జూలో ఉండేదానికి వచ్చినామా?"

ఏసేపు తల దించుకుని సంగతంతా చెప్పేశాడు. ఏసుమణి మూడు అడుగులు నడిచింది, ఆగింది. "పిల్ల కోసం అన్నావు కదయ్యా?" అంది. ఆ ఒక్క మాటే. కోడికూర గురించి అరిచి ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు. నిస్సీ ముందు నడుస్తూ అంతా వింది. విననట్టు ఏనుగును చూసింది. మాబాషా ఏనుగును ఇరవై ఫోటోలు తీశాడు. కోతులను అంతకు ముందే యాభై తీశాడు.

"బాషన్నా, జింకకు జాగా పెట్టప్పా ఫోన్‌లో" అంది ఏసుమణి.

"శానా ఉండాదమ్మా జాగా" అన్నాడు మాబాషా.

కృష్ణజింకల దొడ్డి దగ్గరికి చేరేసరికి ఏసేపు ఆగిపోయాడు. ముప్పై జింకలు. నల్లటి వీపులు, తెల్లటి పొట్టలు, మెలికల కొమ్ములు. పట్టపగలు, నీడలో పడుకుని నెమరు వేస్తున్నాయి. వాటికి తొట్లో మేత ఉంది, ఇంకో తొట్లో నీళ్ళు ఉన్నాయి, రోగమొస్తే డాక్టరు ఉన్నాడు. చుట్టూ నిలువెత్తు ఇనుప కంచె. ఏసేపు ఆ కంచెను చేత్తో తడిమి చూశాడు. "ఇంత కంచె అయ్యా మేము అడుగుతాండేది" అన్నాడు, ఎవరితోనో.

కంచె లోంచి తీస్తే ఫోటోలో కంచె పడుతుంది. కంచె లేదని అర్జీ పెట్టి కంచె ఉన్న ఫోటో ఇస్తే వీరభద్ర సారు ఊరుకోడు. చుట్టూ తిరిగి చూస్తే ఒక మూల కంచెకు బదులు నడుమెత్తు గోడ, దాని అవతల కందకం కనిపించాయి. కందకం గట్టు దాకా జింకలు వస్తాయి. ఏసేపు గోడ మీద చెట్లు పేర్చి నిలబెట్టాడు, మట్టి పరిచాడు. దూరం నుంచి చూస్తే చేనే. ఆయన ఇటు, చెట్లు మధ్యలో, జింక అటు. మాబాషా వంగి ఫోన్ పట్టుకున్నాడు. "సరిగ్గా ఉండాది అన్నా. జింకే రావాల."

జింక రాదే! ఏసేపు చెట్టు ఊపాడు. పెదాలతో చప్పుడు చేశాడు. పట్నం జింకలు వేరుశెనగ వంక చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాయి. తొట్లో పెడితే తినేవి, వాటికి చేను అంటే ఏం తెలుసు? "బోడిమెట్టలో పిలవకున్నా వస్తాయి, ఈడ పిలిచినా రావు" అని గొణిగాడు ఏసేపు. అరగంట ఊపాడు. భుజాలు పీక్కుపోయాయి. చివరికి ఒక మగ జింక లేచింది. ఒళ్ళు విరుచుకుంది. నడిచి నడిచి గట్టు దాకా వచ్చింది. మెడ సాచింది. ఏసేపు ఒక చెట్టును అందేలా కందకం మీదికి వంచాడు. అది కాయల గుత్తిని పంటితో పట్టుకుంది.

"కదలొద్దన్నా" అన్నాడు మాబాషా. "తీస్తాండా... ఒకటి... రెండు..."

జింక గుంజింది. కాయలు పటపటమని తెగాయి.

ఆ చప్పుడు ముప్పై ఏళ్ళుగా విన్న చెవి అది. నోటికి జూ తెలియదు, ఫోటో తెలియదు, కంచె తెలియదు. "హో... హోహో... హోయ్!" ఏసేపు కడుపులోంచి వచ్చింది కావలి కేక. వచ్చాక ఇంకేముంది, పక్క చేనివాడు అందుకోవాలి. మాబాషా ఫోన్ దించేసి అందుకున్నాడు. "హోయ్! హోయ్!" ఏసుమణి చపాతీ డబ్బా మూతను రాయికేసి టంగుటంగున బాదింది. నిస్సీ సన్నని గొంతుతో అన్నిటికంటే పైకి అరిచింది. ముప్పై జింకలు ఒక్కసారి గాల్లోకి లేచాయి.

పక్క దొడ్లో ఏదో బెదిరి అరిచింది. నెమళ్ళు కూశాయి. ఒక బడిపిల్లల గుంపు కెవ్వుమంది. ఎవరో "పులి!" అన్నారు. ఎవరన్నారో, ఎందుకన్నారో తెలియదు. ఆ మాటకు కాళ్ళు వచ్చాయి. పులి బోను ముందు నిలబడి, లోపల పడుకున్న పులిని కళ్ళారా చూస్తున్నవాళ్ళు కూడా పులి తప్పించుకుందని పరుగెత్తారు. ఐస్‌క్రీం బండి పడింది. మైకులో "పులి లోపలే ఉంది, దయచేసి పరుగెత్తవద్దు" అంటే, చివరి మాట ఒక్కటే విని, పరుగెత్తకూడని ప్రమాదం ఏదో వచ్చిందని మిగిలినవాళ్ళు పరుగెత్తారు. ఆ గందరగోళంలో ఒకే ఒక్క యువకుడు కదలకుండా నిలబడి, మొదటి కేక నుంచీ వీడియో తీశాడు. అతనిది నందికొట్కూరు. "ఏ, ఇది మా దిక్కు కేక రా!" అని నవ్వుతూ తీశాడు.

నలుగురు సిబ్బంది వచ్చి ఏసేపును ఆఫీసు గదికి తీసుకుపోయారు. జరిమానా అన్నారు, పోలీసులన్నారు. అప్పుడు తెల్లమీసాల పెద్దాయన పరుగున వచ్చి చేతులు జోడించాడు. "సార్, ఇడిసిపెట్టున్రి. కరువు మనిషి. తినుటానికి తెచ్చుకున్న ఆకు జింక గుంజుకుంటే, ఆకలికి అరిసిండు సార్!"

 జూ పెద్ద సారు ఏసేపు వంక చూశాడు. కాదనాలి. అన్యాయంగా ఒక ప్రాంతం పరువు తీశానని చెప్పాలి. చెబితే ఫోటో సంగతి చెప్పాలి. ఏసేపు పెదవి మీద ఇంకా పసరు ఆరలేదు. నోరు విప్పలేదు. పెద్ద సారు జేబులోంచి డబ్బు తీసి నిస్సీకి పిల్లల రైలు టికెట్ కొనిపెట్టాడు. నిస్సీ ఆ రైలులో ఒక్కతే కూర్చుని జూ అంతా తిరిగింది. రైలు ముందుకు వచ్చినప్పుడల్లా ఏసేపు చెయ్యి ఊపాడు. నిస్సీ ఊపలేదు.

ఫోటో దొరకలేదు. కానీ వాళ్ళు కర్నూలు దాటకముందే వీడియో కోడుమూరు చేరింది. గోడ కనపడదు, కందకం కనపడదు. చేతిలో వేరుశెనగ చెట్టుతో ఏసేపు, ఆయన ముందు చెట్ల వరుస, వెనక గాల్లో జింకలు, చుట్టూ కావలి కేక. రైతు, పంట, జింక ముగ్గురూ ఉన్నారు. పగటి వెలుతురు కూడా ఉంది.

ఆదివారం పది గంటలకు బోడిమెట్ట గుడి ముందు జీపు ఆగింది. ఏ రోజూ ఊరి ముఖం చూడని వీరభద్ర సారు, పైవాళ్ళు చీవాట్లు పెట్టారేమో, సెలవు రోజున స్వయంగా దిగాడు. చేతిలో నోటీసు. "బోడిమెట్ట గ్రామ పొలాలలో సంచరిస్తున్న కృష్ణజింకలను భయభ్రాంతులకు గురిచేసినందుకు" అని చదివాడు.

ఏసేపు మళ్ళీ చదవమన్నాడు. సారు మళ్ళీ చదివాడు. జీపును చూసి చేను కావలి వదిలి పరుగెత్తుకొచ్చిన మాబాషా, ఏసేపును పక్కకు లాగాడు. "అన్నా, విన్నావా? బోడిమెట్ట పొలాలలో సంచరిస్తున్న! వాళ్ళ నోటితోనే, వాళ్ళ ముద్రతోనే! ఒప్పుకో. ఒప్పుకుంటే జింకలు ఉన్నట్టే. కంచె వచ్చినట్టే."

"జైలేస్తారేమో బాషా."

"ఏస్తే నేను పలావు తెస్తా. ఒప్పుకోప్పా!"

ఏసేపు "ఆరాధన కాంగానే సంతకం పెడతా సార్" అన్నాడు. సారు చెప్పులు విప్పి, వెనక బెంచీలో కూర్చున్నాడు. ఏసేపు గుండె తేలికైంది. నోరు మూసుకుంటే చాలు, ఊరికి కంచె వస్తుంది.

ఆ గుడిలో ఒక పద్ధతి ఉంది. దూరప్రయాణం చేసి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. పాస్టరు హెన్రీ అయ్యగారు "ఎవరన్నా ఉండారా?" అని అడిగాడు. ఏసేపు కదల్లేదు. ఏసుమణి కదల్లేదు. నిస్సీ లేచింది.

"దేవునికి స్తోత్రం. నిన్న దేవుడు మమ్మల్ని హైదరాబాదు జూకు తీసకపోయి క్షేమంగా తీసుకొచ్చినాడు. నేను ఏనుగును చూసినా, రైలెక్కినా. మా నాయిన బుడ్డాకు తిన్నాడు. మా సీమలో ఇట్లనే తింటామని చెప్పినాడు. అది అబద్ధం. గార్డు తాత ఏడ్చి ఆయన చపాతీలు మాకిచ్చినాడు. ఆ తాత పస్తున్నాడు. జింకతో ఫోటో కోసం నాయిన అట్ల చేసినాడు. జింక బుడ్డలు తినేటప్పుడు నాయిన కేక పెట్టినాడు, నేను కూడా పెట్టినా. నా కోసమే జూ అని చెప్పినాడు, నా కోసం కాదు. ఐనా మా నాయిన మంచోడు. దేవుడు ఆయన్ను క్షమించాల. ఆమెన్."

"ఆమెన్" అన్నది సంఘం, అలవాటు కొద్దీ.  వెనక ఎవరో ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏసేపు బెంచీ పగులులోకి దూరగలిగితే దూరిపోయేవాడు. అందరి కళ్ళూ వీపు మీద ఉన్నాయి, కానీ ఆయనకు బరువైనవి రెండే. ఆ రెండు కళ్ళూ ఎత్తు తక్కువలో నిలబడి ఆయన్నే చూస్తున్నాయి.

ఆయన లేచాడు. "నా బిడ్డ చెప్పింది నిజం" అన్నాడు. వెనక్కు తిరిగాడు. "సార్, ఆ వీడియో జూలోది. సంఘపెద్దగా నేను ఈ పొద్దే దిగిపోతాండా."

వీరభద్ర సారు ముఖం వెలిగిపోయింది. నోటీసు చించేశాడు. తెల్లకాగితం తీసి అక్కడికక్కడే చకచకా రాశాడు. ఏసేపు సిగ్గుతో కళ్ళు కనపడక, చదవకుండా సంతకం పెట్టాడు. చదవకుండా సంతకం పెట్టడం మన జబ్బు, దాన్ని నమ్ముకుని బతకడం వాళ్ళ ఉద్యోగం. సారు బయటికి నడుస్తూ పైకి చదివాడు. "వీడియోలోని జింకలు జూకు చెందినవి. బోడిమెట్టలో జింకలు లేవని ఇందుమూలముగా..."

అప్పుడే, గుడికి పడమర, కావలి లేని చేలో, పట్టపగలు, పద్నాలుగు జింకలు దిగాయి.

గుడి వాకిట్లోనే ఆగిపోయిన మాబాషా చూశాడు. ఫోన్ తీశాడు. ఫోన్‌లో జాగా లేదు. "కోతిని తుడుస్తాండా... ఇంకో కోతి... ఇది ఏనుగు..." గుడిలో ఊరివాళ్ళెవరి దగ్గరా ఫోన్ లేదు. ఆరాధనకు ఫోన్ తేకూడదని సంఘం తీర్మానం. తీర్మానం చేయించింది ఏసేపే. మాబాషా ఆరో కోతిని తుడిచేలోపు మగజింక కాయ గుంజింది. ఆయన నోరు తెరుచుకుంది. "హో... హోహో... హోయ్!" గుడి గుడంతా అందుకుంది. హెన్రీ అయ్యగారు కూడా అందుకున్నాడు. పద్నాలుగు జింకలూ వీరభద్ర సారు జీపు ముందు నుంచి, ఆయన ముక్కుకు రెండు గజాల దూరంలో, ఒక్కొక్కటే దూకి రోడ్డు దాటాయి.

"సార్! సార్, చూసినారు కదా!" అన్నాడు ఏసేపు.

సారు టోపీ మీద దుమ్ము దులుపుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "లేవని ఇప్పుడే కదయ్యా రాసిచ్చావు" అన్నాడు. జీపు ఎక్కాడు.

దుమ్ము తగ్గాక నిస్సీ వచ్చి నాయిన చెయ్యి పట్టుకుంది. నిన్నటి నుంచి పట్టుకోవడం అదే మొదలు. "నాయినా, నువ్వు నిజం చెప్పేస్తివి కదా. మరి ఆ సారు అబద్ధం రాసుకుని పోతాండాడేమి?"

ఏసేపు జీపు వెళ్ళిన దారి చూపించాడు. అడగవలసింది అటే. కాబట్టి ఆఫీసువాళ్ళను అడుగుతున్నాను, ఇది విన్నపం కాదు. ఆ తెల్లమీసాల పెద్దాయనకు ఏసేపు డబ్బా నిండా కోడికూర పట్టుకుపోయి క్షమాపణ చెప్పి వచ్చాడు. ఆయన బాకీ తీరింది. ఇక మీ వంతు. ఆ కాగితం చించెయ్యండి. పంట పీకేలోపు కంచె వెయ్యండి. ఇంకా నమ్మకం లేదంటే మీ వీరభద్ర సారును రేపే బోడిమెట్టకు పంపండి. ఏసేపు చేలో వేరుశెనగ చెట్టు చేత పట్టుకుని జింక పక్కన నిలబడమనండి.

ఫోటో మాబాషా తీస్తాడు. కోతులన్నిటినీ తుడిచేశాడు.